థైరాయిడ్ ఆపరేషన్‌లో మాట పోకుండా: కత్తి, కన్ను, కరెంటు కథ



ఈ రోజు విషయం థైరాయిడ్ ఆపరేషన్. మీ ఇంట్లో కాకపోతే పక్కింట్లో, అమ్మకో పిన్నికో అక్కకో ఈ మాట వచ్చే ఉంటుంది. "గొంతు కింద గడ్డ ఉంది, తీసెయ్యాలన్నారు" అని. అప్పుడు ఇంట్లో అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఆపరేషన్ అయినాక మాట సరిగా వస్తుందా?" ఆ భయం ఉత్త భయం కాదు. దాని వెనక దాదాపు 1,800 ఏళ్ళ చరిత్ర ఉంది.

ఇప్పుడు ఇంకో మాట కూడా వినిపిస్తోంది. "ఫలానా ఆసుపత్రిలో నర్వ్ మానిటర్ ఉందంట, భయం లేదు" అని. ఆ మిషన్ ఏంది? అది నిజంగా గొంతును కాపాడుతుందా? ఆ మిషన్ వల్లే ఏమైనా ప్రమాదం ఉందా? ఈ మూడు ప్రశ్నలకి జవాబు చరిత్రలోనే దొరుకుతుంది. నేను డాక్టర్ని కాదు, ఇది వైద్య సలహా కూడా కాదు. కానీ ఈ కథ తెలిస్తే డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో మీకు తెలుస్తుంది.

పెనుకొండ దాటి పోయి, వెనక్కి వచ్చే నరం

ముందు ఆ నరం యాడుందో చూద్దాం. మన దగ్గర చేతి మీద నీలంగా కనపడే రక్తనాళాన్ని కూడా నరమే అంటాం. ఇక్కడ నరం అంటే అది కాదు. మెదడు నుంచి కండరానికి "కదులు" అని సంకేతం మోసే తీగ.

మన రైలు లైను గుర్తు తెచ్చుకోండి. పైన ధర్మవరం, మధ్యలో పెనుకొండ, కింద హిందూపురం. ధర్మవరం మెదడు అనుకోండి. పెనుకొండ గొంతు. హిందూపురం ఛాతీ. మెదడు నుంచి వేగస్ అనే పెద్ద నరం బయలుదేరుతుంది. గొంతును కదిలించాల్సిన నరం అందులోనే ప్రయాణం చేస్తుంది. న్యాయంగా అయితే పెనుకొండలో దిగిపోవాలి కదా? దిగదు. నేరుగా హిందూపురం దాకా పోతుంది. అంటే ఛాతీలోకి. అక్కడ ఎడమవైపు నరం గుండె నుంచి వచ్చే పెద్ద ధమని కింద నుంచి చుట్టు తిరుగుతుంది. కుడివైపు నరం భుజం వైపు పోయే ధమనిని చుట్టుకుంటుంది. రెండూ మళ్ళీ పైకి పెనుకొండకి, అంటే గొంతుకి వస్తాయి. జిరాఫీలో కూడా ఇదే దారి. అంత పొడుగు మెడ కిందికి పోయి మళ్ళీ పైకి వస్తుంది.

ఇలా వెనక్కి తిరిగి వస్తుంది కాబట్టే దీనికి రికరెంట్ లారింజియల్ నర్వ్ అని పేరు. ఆ తిరుగు ప్రయాణంలో, సరిగ్గా స్టేషన్ ముందర, పట్టాలకి ఆనుకుని థైరాయిడ్ గ్రంథి ఉంటుంది. గ్రంథిని తీయాలంటే ఆ పట్టాల పక్కనే కత్తి నడవాలి. నరం మందం ఒకటి రెండు మిల్లీమీటర్లే. పైగా అందరిలో ఒకేలా ఉండదు. కొందరిలో గొంతు చేరకముందే రెండుగా చీలుతుంది. నూటికి ఒకరి కన్నా తక్కువ మందిలో కుడివైపు నరం ఛాతీలోకి పోకుండా నేరుగా గొంతులోకే వచ్చేస్తుంది.

ఒకవైపు నరం దెబ్బతింటే గొంతు బొంగురు పోతుంది, గట్టిగా అరవలేరు, నీళ్ళు తాగేటప్పుడు పొలమారుతుంది. రెండువైపులా దెబ్బతింటే అది మాటకే పరిమితం కాదు. లోపల ఉన్న రెండు స్వరతంత్రులూ తెరుచుకోవు. గాలి పోయే దారే మూసుకుపోతుంది. అప్పుడు మెడ ముందు రంధ్రం చేసి ట్యూబు పెట్టాల్సి రావచ్చు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, చివర్లో అవసరం పడుతుంది.

సుశ్రుతుడికీ తెలుసు, గాలెన్‌కీ తెలుసు

మెడలో ఒక చోట దెబ్బ తగిలితే మాట పోతుందని మన పాతవాళ్ళు ఎప్పుడో గమనించారు. సుశ్రుత సంహితలో శరీరంలోని మర్మస్థానాల లెక్క ఉంది. అందులో గొంతు గొట్టానికి రెండు పక్కలా నీల, మన్య అనే మర్మాలు చెప్పారు. అక్కడ దెబ్బ తగిలితే మూగతనం, గొంతు మారిపోవడం, రుచి తెలియకపోవడం వస్తాయని రాశారు. వాళ్ళు దాన్ని నరం అని విడదీసి చెప్పలేదు. కానీ చోటు మాత్రం సరిగ్గా పట్టుకున్నారు. మెడ ముందు వాపుకి గళగండం అనే పేరు కూడా ఆ గ్రంథంలో ఉంది.

అది నరమే అని తేల్చినవాడు క్రీ.శ. 2వ శతాబ్దంలో రోమ్ నగరంలో ఉన్న గాలెన్ అనే వైద్యుడు. జనం ముందు ఒక పందిని కట్టేసి, అది అరుస్తుండగా మెడలో ఆ సన్నని నరాల్ని కోశాడు. అరుపు ఠక్కున ఆగిపోయింది. పంది బతికే ఉంది, కొట్టుకుంటూనే ఉంది, గొంతు మాత్రం లేదు. ఇంకో సంగతి కూడా ఆయన రాశాడు. ఒక పిల్లవాడి మెడలో గడ్డలు తీస్తూ ఒక వైద్యుడు ఈ నరాల్ని తెంపేశాడు. పిల్లవాడికి గడ్డ పోయింది, గొంతూ పోయింది. అంటే ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకునే ప్రమాదం 1,800 ఏళ్ళ కిందటే రాసిపెట్టి ఉందన్నమాట.

ప్రాణం దక్కితే చాలు అనుకున్న రోజులు

మరి తర్వాత ఇన్ని వందల ఏళ్ళు డాక్టర్లు ఏం చేశారు? నిజం చెప్పాలంటే గొంతు గురించి ఆలోచించే స్థితిలోనే లేరు. థైరాయిడ్‌లో రక్తం విపరీతంగా పారుతుంది. మత్తుమందు లేదు, శుభ్రత లేదు. 19వ శతాబ్దం మధ్యలో పేరున్న సర్జన్లు కూడా బుద్ధి ఉన్నవాడు ఈ ఆపరేషన్ జోలికి పోకూడదని రాశారు. టేబుల్ మీద చనిపోకపోతే అదే విజయం.

1846లో ఈథర్ మత్తు వచ్చింది. 1867లో లిస్టర్ క్రిములను చంపే పద్ధతి చెప్పాడు. రక్తనాళాన్ని పట్టుకునే క్లిప్పులు వచ్చాయి. థియోడోర్ బిల్‌రోత్ అనే గొప్ప సర్జన్ జ్యూరిక్‌లో ఉన్నప్పుడు ఎంతమంది చనిపోయారంటే, ఆయన కొన్నేళ్ళపాటు ఈ ఆపరేషన్ చేయడమే మానేశాడు. తర్వాత వియన్నాలో కొత్త పద్ధతులతో మళ్ళీ మొదలుపెట్టాడు. మరణాలు బాగా తగ్గాయి.

ఇక స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో థియోడోర్ కోచర్. కొండ ప్రాంతం, నీళ్ళలో మట్టిలో అయోడిన్ తక్కువ, ఊరూరా గళగండమే. ఆయన జీవితంలో వేల థైరాయిడ్ ఆపరేషన్లు చేశాడు. చివరి రోజులకి మరణాలు వెయ్యికి ఐదు దాకా దిగాయి. 1909లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది.

కానీ కోచర్ కథలో నాకు ముఖ్యం అనిపించేది ఆ బహుమతి కాదు. 1883 ముందు ఆయన కొందరికి గ్రంథి మొత్తం తీసేశాడు. ఆపరేషన్ అద్భుతం, గాయం మానింది, రోగి ఇంటికి పోయాడు. లెక్క ప్రకారం విజయం. తర్వాత ఆయన ఆ పాత రోగుల్ని వెనక్కి పిలిపించి చూశాడు. చాలామంది మొహాలు ఉబ్బి, మందకొడిగా మారిపోయి, చిన్నపిల్లలైతే ఎదుగుదల ఆగిపోయి ఉన్నారు. థైరాయిడ్ హార్మోన్ అంటే ఏమిటో అప్పటికి ఎవరికీ తెలీదు. కోచర్ ఆ విషయం దాచలేదు. తన ఆపరేషన్ వల్లే ఇలా అయిందని అందరి ముందూ చెప్పి, అనవసరంగా మొత్తం గ్రంథి తీయడం మానేశాడు. 1891లో జార్జ్ ముర్రే అనే ఇంగ్లండ్ డాక్టర్ గొర్రె థైరాయిడ్ సారం ఇచ్చి ఇలాంటి రోగిని బాగుచేశాడు. ఈ రోజు మీ ఇంట్లో పొద్దున్నే పరగడుపున వేసుకునే చిన్న థైరాయిడ్ మాత్ర ఆ వరుసలోదే.

చూడండి, "విజయం" అనే మాటకి అర్థం ఎట్లా మారుతోందో. మొదట బతికితే విజయం. తర్వాత బతికి, మామూలు మనిషిలా ఉంటే విజయం. మూడో మెట్టు ఇంకా మిగిలే ఉంది: బతికి, ఆరోగ్యంగా ఉండి, తన గొంతుతో తాను మాట్లాడటం.

పాటల మాస్టారి అద్దం

గొంతు పాడైందా లేదా అని చూడాలంటే ముందు లోపలికి చూడగలగాలి కదా. ఆ దారి చూపించినవాడు డాక్టర్ కాదు, సంగీతం మాస్టారు. పేరు మాన్యుయెల్ గార్సియా. పాట పాడేటప్పుడు గొంతులో ఏం జరుగుతుందో చూడాలని ఆయనకి కోరిక. 1854లో ఒక చిన్న పళ్ళ డాక్టరు అద్దాన్ని గొంతులో పెట్టుకుని, ఇంకో అద్దంతో సూర్యకాంతి లోపలికి పంపి, తన స్వరతంత్రులు కదలడం తానే చూసుకున్నాడు. మరుసటి ఏడాది లండన్ రాయల్ సొసైటీకి ఆ సంగతి చెప్పాడు. ఈ రోజు ఈఎన్‌టీ డాక్టర్ ముక్కులోంచి సన్నని కెమెరా పంపి చూసే పరీక్షకి తాతలాంటిది ఆ అద్దం. థైరాయిడ్ ఆపరేషన్ ముందొకసారి, తర్వాత ఒకసారి ఈ పరీక్ష చేయించడం ఇప్పటికీ ముఖ్యమే. ఎందుకంటే గొంతు మామూలుగా వినిపించినా లోపల ఒక తంత్రి కదలకుండా ఉండవచ్చు.

చూడాలా? జోలికి పోకూడదా?

20వ శతాబ్దం మొదట్లో సర్జన్ల మధ్య పెద్ద వాదన. ఒక వర్గం ఏమనేదంటే, ఆ నరం జోలికే పోవద్దు, వెతికితేనే దెబ్బ తగులుతుంది, గ్రంథిలో కొంత భాగం వెనక వదిలేస్తే నరం దాని చాటున భద్రంగా ఉంటుంది అని. ఇంకో వర్గం, కనపడని దాన్ని కాపాడేదెట్లా అని. అమెరికాలో బోస్టన్ నగరానికి చెందిన ఫ్రాంక్ లాహే 1938లో గట్టిగా చెప్పాడు: ప్రతి ఆపరేషన్‌లో నరాన్ని వెతికి, కళ్ళారా చూసి, దాని దారి పొడుగునా గుర్తుపట్టి, ఆ తర్వాతే గ్రంథిని తీయాలి. తన దగ్గర ఇలా చేసినప్పుడు నరాలు దెబ్బతినడం తగ్గిందని లెక్కలు చూపించాడు. ఆ మాటే గెలిచింది. ఇప్పటికీ ప్రపంచమంతా మొదటి సూత్రం ఇదే: నరాన్ని కంటితో చూడు.

సరిగ్గా అదే కాలంలో అమెలిటా గల్లీ కుర్చీ అనే ప్రపంచ ప్రసిద్ధ గాయనికి 1935లో గళగండం ఆపరేషన్ అయింది. తర్వాత ఆమె మునుపటిలా పాడలేకపోయింది. పై స్థాయి స్వరాలకి ఉపయోగపడే ఇంకో సన్నని నరం తెగిందని చాలా ఏళ్ళు చెప్పుకున్నారు. ఆ నరానికి ఆమె పేరు కూడా అంటుకుంది. తర్వాత పాత రికార్డింగులు పరిశీలించినవాళ్ళు ఆమె గొంతు అంతకుముందే దిగజారుతూ వచ్చిందని, నింద మొత్తం ఆపరేషన్ మీద వేయలేమని అన్నారు. ఏది ఏమైనా ఒక పెద్ద గాయని కథ వల్ల సర్జన్లకి ఒక మాట అర్థమైంది. మాట రావడం వేరు, పాట రావడం వేరు. స్వరతంత్రి కదులుతున్నంత మాత్రాన రోగికి నష్టం లేనట్టు కాదు.

కంటికి కనపడేది చాలదు

లాహే సూత్రంలో ఒక లోటు ఉంది. ధర్మవరం మగ్గం మీద కూర్చున్నవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. పడుగులో పోగు తెగితే కనపడుతుంది, ముడి వేస్తాం. కానీ పోగు తెగకుండా లాగబడి, సాగి, బలం పోయి ఉంటే? చూడ్డానికి బాగానే ఉంటుంది. నరం సంగతి కూడా అంతే. ఆపరేషన్‌లో దెబ్బతినే నరాల్లో ఎక్కువ భాగం తెగినవి కావు. గ్రంథిని పక్కకి లాగేటప్పుడు సాగినవి, నొక్కుకున్నవి, పక్కన రక్తనాళాన్ని కాల్చేటప్పుడు వేడి తగిలినవి. సర్జన్ కంటికి నరం తెల్లగా, చెక్కుచెదరకుండా కనపడుతుంది. రోగి లేచి మాట్లాడితే గానీ తెలీదు.

ఇక్కడికి కరెంటు వచ్చింది. 1960లలో ఒక ఆలోచన పుట్టింది: నరాన్ని చూడటమే కాదు, అది పనిచేస్తోందా లేదా అని అడిగితే? 1966లో అమెరికాలో షెడ్, డర్హమ్ అనేవాళ్ళు జంతువుల మీద ప్రయత్నించారు. 1969–70 ప్రాంతంలో స్వీడన్‌లో ఫ్లిస్‌బెర్గ్, లిండ్‌హోమ్ మనుషుల్లో థైరాయిడ్ ఆపరేషన్ జరుగుతుండగా నరానికి కొద్ది కరెంటు ఇచ్చి, గొంతు కండరంలో సూది పెట్టి స్పందన రికార్డు చేశారు. 1990లలో సూది అవసరం తగ్గిపోయింది. మత్తు డాక్టర్ శ్వాస కోసం గొంతులో పెట్టే ట్యూబుకే పల్చని లోహపు పట్టీలు అమర్చారు. ఆ పట్టీలు సరిగ్గా స్వరతంత్రులకి తగులుతూ కూర్చుంటాయి.

పనిచేసే విధానం సులభం. సర్జన్ చేతిలో పెన్ను లాంటి ఒక ప్రోబ్. దాంతో నరాన్ని తాకి 1 లేదా 2 మిల్లీఆంపియర్ల కరెంటు ఇస్తాడు. అంటే ఆంపియర్‌లో వెయ్యో వంతు, రెండు వెయ్యో వంతులు. నరం బాగుంటే గొంతు కండరం చిన్నగా కదులుతుంది, పట్టీలు దాన్ని పట్టుకుంటాయి, తెర మీద గీత లేస్తుంది, మిషన్ శబ్దం చేస్తుంది. నరం మూగబోతే మిషన్ కూడా మూగబోతుంది. అంతే. ఇందులో మందు లేదు, మంత్రం లేదు. మిషన్ నరాన్ని కాపాడదు. నరం ఎట్లుందో కబురు మాత్రం చెబుతుంది. కాపాడాల్సింది ఆ కబురు విన్న మనిషే.

లెక్కలు ఏం చెప్పాయి?

ఇప్పుడు అసలు ప్రశ్న. మిషన్ వాడితే నష్టం తగ్గిందా? 2009లో 25,000 మంది రోగుల సమాచారం కలిపి చూసిన ఒక సమీక్షలో నూటికి దాదాపు 10 మందికి తాత్కాలికంగా, ఇద్దరికి కాస్త పైగా శాశ్వతంగా స్వరతంత్రి బలహీనత ఉన్నట్టు తేలింది. అనుభవం ఉన్న చేతుల్లో ఇంకా తక్కువ ఉంటుంది. తాత్కాలికం అంటే వారాల్లో నెలల్లో తిరిగి వస్తుంది.

జర్మనీలో 2004లో దాదాపు 30,000 నరాల లెక్క తీశారు. మిషన్ వాడినవాళ్ళకీ, కంటితో చూసి చేసినవాళ్ళకీ పెద్ద తేడా కనపడలేదు. 2009లో పోలండ్‌లో 1,000 మందిని రెండు గుంపులుగా చేసి చూస్తే, మిషన్ వాడిన గుంపులో తాత్కాలిక బలహీనత తగ్గింది, శాశ్వత నష్టంలో మాత్రం స్పష్టమైన తేడా తేలలేదు. 2019లో కాక్రేన్ అనే ప్రపంచ సంస్థ 5 పరీక్షలు, 1,558 మంది ఫలితాలు కలిపి చూసి, మిషన్ కచ్చితంగా మెరుగు అని చెప్పడానికి ఆధారం చాలదని తేల్చింది.

అంటే మిషన్ వృథానా? కాదు. శాశ్వత నష్టం నూటికి ఒకరిద్దరికే వస్తుంది కాబట్టి, తేడా రుజువు చేయాలంటే వేల మంది మీద పరీక్ష జరగాలి. అదీ కాక, కంటితో నరాన్ని చూసి చేసే మంచి సర్జన్ దగ్గర నష్టం ముందే తక్కువ. "మిషన్ ఉంది కాబట్టి భయం లేదు" అనేది ప్రచారం. "మిషన్ లేదు కాబట్టి ఆ డాక్టర్ పనికిరాడు" అనేది కూడా తప్పే.

మిషన్ వల్లే ప్రమాదం ఉందా?

మామూలుగా మధ్యమధ్యలో ప్రోబ్‌తో తాకి చూసే పద్ధతిలో ఆ కొద్దిపాటి కరెంటు వల్ల నరానికి హాని లేదని ఇన్నేళ్ళ అనుభవం చెబుతోంది. ప్రమాదం ఎక్కువగా వేరే చోట్ల ఉంది.

ఒకటి, తప్పుడు కబురు. ట్యూబు కొంచెం పక్కకి జరిగితే నరం బాగున్నా మిషన్ పలకదు. కండరాలు వదులు చేసే మందు మత్తు డాక్టర్ ఎక్కువ ఇస్తే కండరం కదలదు, అప్పుడూ పలకదు. అందుకే ఈ ఆపరేషన్‌లో సర్జన్, మత్తు డాక్టర్ ఇద్దరూ ముందే మాట్లాడుకోవాలి. 2011లో అంతర్జాతీయ నిపుణుల బృందం దీనికి ఒక క్రమం రాసింది. గ్రంథి తీయకముందు వేగస్ నరాన్ని, తర్వాత గొంతు నరాన్ని తాకి చూడాలి. గ్రంథి తీశాక మళ్ళీ రెండూ చూడాలి. మొదట్లో బలంగా వచ్చిన సంకేతం చివర్లో 100 మైక్రోవోల్టుల కిందికి పడిపోతే, ముందు ట్యూబు, తీగలు, మందులు సరిచూసి, అప్పుడు నరానికి దెబ్బ తగిలిందని అనుకోవాలి.

రెండు, ఆగకుండా చూసే కొత్త పద్ధతి. ఇందులో వేగస్ నరం చుట్టూ ఒక చిన్న ఎలక్ట్రోడ్ తొడిగి క్షణక్షణం సంకేతం తీస్తారు. నరం సాగడం మొదలవగానే తెలుస్తుంది, అది లాభం. కానీ వేగస్ గుండెకి కూడా పోతుంది. 2015లో ఒక అమెరికన్ బృందం 9 మంది రోగుల్లోనే ఇద్దరికి తీవ్రమైన ఇబ్బంది వచ్చిందని, ఒకరికి గుండె వేగం, రక్తపోటు అదుపు తప్పాయని, ఇంకొకరికి వేగస్ తాత్కాలికంగా దెబ్బతిందని చెప్పి, తమ ప్రయోగమే ఆపేసింది. వేరే బృందాలు మాత్రం చాలామందిలో సురక్షితంగా వాడామన్నాయి. ఆ వాదన ఇంకా పూర్తిగా ముగియలేదు.

మూడు, ట్యూబు. 2022లో అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ఈ ఎలక్ట్రోడ్ ట్యూబుల్లో ఒక రకాన్ని వెనక్కి తీసుకోవడాన్ని అత్యంత తీవ్రమైన తరగతిలో పెట్టింది. కారణం, దాని బుడగలో గాలి ఎక్కువైతే శ్వాస దారి మూసుకుపోయే ప్రమాదం. గొంతును కాపాడటానికి పెట్టిన వస్తువే ఊపిరికి అడ్డం పడొచ్చన్నమాట.

మధ్యలో ఆగడమే అసలు భద్రత

మొదట్లో ఒక విషయం గుర్తుపెట్టుకోండి అన్నాను కదా. రెండువైపులా దెబ్బతింటే ఊపిరికే ముప్పు అని. మిషన్ చరిత్ర మొత్తంలో గొప్ప మార్పు ఇక్కడ జరిగింది.

పూర్వం గ్రంథి మొత్తం తీయాలనుకుంటే ఒక సిట్టింగ్‌లో రెండువైపులా తీసేసేవాళ్ళు. మొదటివైపు నరం సాగి చెడిపోయినా కంటికి తెలీదు కాబట్టి ధైర్యంగా రెండోవైపు పోయేవాళ్ళు. ఇప్పుడు మొదటివైపు అయ్యాక మిషన్ మూగబోతే, సర్జన్ ఆగిపోవచ్చు. కుట్లు వేసి, రోగిని లేపి, నరం కోలుకున్నాక కొన్ని వారాలకో నెలలకో రెండోవైపు చేయొచ్చు. 2018లో అంతర్జాతీయ మార్గదర్శకాలు ఈ మాటనే స్పష్టంగా రాశాయి. తిరిగి నయమయ్యే తాత్కాలిక నష్టాన్ని జీవితాంతం మెడలో ట్యూబుగా మారకుండా ఆపేది ఈ ఆగడమే.

కానీ ఆగడానికి మిషన్ ఒక్కటే చాలదు. "సగమే చేశారేంది?" అని బంధువులు గొడవ పడతారని డాక్టర్‌కి భయం ఉంటే ఆగలేడు. ఇంకోసారి ఖర్చు ఎవరు పెడతారన్న ప్రశ్న ఉంటే రోగీ ఒప్పుకోడు. అందుకే ఈ సంగతి ఆపరేషన్‌కి ముందే మాట్లాడుకోవాలి. ఇది మన చేతుల్లో ఉన్న భాగం.

మన వైపు కథ

ఈ చరిత్రలో మన తెలుగువాళ్ళ భాగం కత్తిలో కాదు, ఉప్పులో ఉంది. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివిన వులిమిరి రామలింగస్వామి గారి బృందం 1956 నుంచి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో ఊళ్ళకి ఊళ్ళని పరిశీలించింది. అయోడిన్ కలిపిన ఉప్పు ఇచ్చిన చోట గళగండం తగ్గింది, ఇవ్వని చోట తగ్గలేదు. 1962లో దేశం గళగండ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. 2006 నుంచి తినడానికి అయోడిన్ లేని ఉప్పు అమ్మకూడదన్న నిషేధం మళ్ళీ అమల్లోకి వచ్చింది. ఎన్ని వేల మెడలకి కత్తి తగలకుండా ఆ ఉప్పు కాపాడిందో ఆలోచించండి. అన్నిటికన్నా సురక్షితమైన ఆపరేషన్ ఏదంటే, అవసరం రాకుండా పోయిన ఆపరేషన్.

అదే మాట ఇంకోవైపు నుంచి కూడా నిజం. దక్షిణ కొరియాలో అందరికీ మెడ స్కానింగ్ చేయడం అలవాటైంది. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ లెక్కలు 1993తో పోలిస్తే 15 రెట్లు పెరిగాయి. చావులు మాత్రం తగ్గలేదు. అంటే ఎప్పటికీ హాని చేయని చిన్న గడ్డలకి కూడా వేల ఆపరేషన్లు జరిగాయి. ప్యాకేజీ చెకప్‌లో చిన్న గడ్డ కనపడగానే కంగారు పడొద్దు. ముందు సూది పరీక్ష ఏం చెప్పింది, గడ్డ సైజు ఎంత అని అడగండి.

ఇక ఖర్చు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు మొదటి మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. అప్పట్లో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ అనంతపురం జిల్లానే. శ్రీ సత్యసాయి జిల్లా వచ్చింది 2022లో. ఇప్పుడు ఆ పథకం పేరు డాక్టర్ ఎన్‌టీఆర్ వైద్య సేవ. అనంతపురం పోయినా, బెంగళూరు బండి ఎక్కినా, తిరుపతి పోయినా, కార్డులో ఏం వస్తుంది, మానిటర్ ట్యూబుకి విడిగా డబ్బు కట్టాలా, రెండో విడత ఆపరేషన్ అవసరమైతే ఎట్లా అని ముందే కనుక్కోండి.

డాక్టర్‌ని ఏం అడగాలి?

స్క్రీన్‌షాట్ తీసుకోండి, ఇంట్లో వాళ్ళకి పంపండి.

ఈ ఆపరేషన్ తప్పనిసరా, సగం తీస్తే చాలదా? మీరు ఏడాదికి ఎన్ని థైరాయిడ్ ఆపరేషన్లు చేస్తారు? ముందూ తర్వాతా స్వరతంత్రుల్ని కెమెరాతో చూస్తారా? నర్వ్ మానిటర్ వాడతారా, వాడితే మత్తు డాక్టర్‌కి ఆ అనుభవం ఉందా? మొదటివైపు సంకేతం పోతే ఆగుతారా?

మీరు కూడా రెండు మాటలు చెప్పాలి. గుండెకి పేస్‌మేకర్ ఉంటే చెప్పండి. మీ బతుకుదెరువు గొంతు మీద ఉంటే అది గట్టిగా చెప్పండి. టీచర్ కావచ్చు, హరికథ చెప్పేవాళ్ళు కావచ్చు, బస్ కండక్టర్ కావచ్చు, మార్కెట్‌లో వేలం పాడేవాళ్ళు కావచ్చు.

ఆపరేషన్ తర్వాత మెడ వాచినా, ఊపిరి తీసేటప్పుడు ఈల లాంటి శబ్దం వచ్చినా ఒక్క నిమిషం ఆగొద్దు, వెంటనే నర్సుని పిలవండి, ఇంట్లో ఉంటే అంబులెన్స్ పిలవండి. రెండు వారాలైనా గొంతు బొంగురు తగ్గకపోతే "అదే తగ్గుతుందిలే" అని కూర్చోకుండా ఈఎన్‌టీ దగ్గరికి పోండి. స్వర వ్యాయామాలు, తంత్రిని లోపలికి జరిపే ఇంజెక్షన్ లాంటి మార్గాలు ఉన్నాయి. తొందరగా పోతే ఫలితం బాగుంటుంది.

గాలెన్ రాసిన ఆ పిల్లవాడి గొంతు పోయినప్పుడు గడ్డ పోయింది కాబట్టి పని అయిపోయిందనుకున్నారు. ఈ 1,800 ఏళ్ళలో మారింది మిషన్ మాత్రమే కాదు, "పని అయింది" అనే మాటకి అర్థం మారింది. ఆ అర్థం ఇంకాస్త ముందుకి జరగాలంటే డాక్టర్ ముందు మనం నోరు తెరిచి అడగాలి.

ఈ ఎపిసోడ్ మీ ఇంట్లో పెద్దవాళ్ళకి వినిపించండి. వచ్చే వారం ఇంకో కథతో కలుద్దాం. ఉంటాను, నమస్తే.